దసరాకు బోర్డులు ఎక్కవు, వైరు సంగతి చెప్పాలె

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండలల్ల డాబా మీద పిక్సెల్ లైట్ల (ఒక్కో బల్బు దేనికదే రంగు మార్చేటివి) బోర్డుకు అడ్వాన్సు ఇచ్చిన గిరాకీలకు నమస్కారం. దసరా లోపల ఎక్కిస్తమన్న బోర్డులు దీపావళి దాటినంకనే ఎక్కుతయి. లైట్లు రాక కాదు. వచ్చినయి, మేమే వాపసు పంపుతున్నం.

మేం అడిగింది 5 వోల్టుల పిక్సెళ్లు, మధ్యల 0.5 స్క్వేర్ ఎంఎం అసలు రాగి వైరు. వచ్చినదాన్ని బ్లేడుతో గీకితే లోపల తెల్లగ ఉంది. అల్యూమినియానికి రాగి పూత, అది గూడ 0.3 సైజు. ఫుల్ తెలుపుల (ఎరుపు, పచ్చ, నీలం కలిసి పూర్తిగ వెలిగితే) పిక్సెల్‌కు 60 మిల్లీ ఆంపియర్లు, 50 పిక్సెళ్ల దండకు 3 ఆంపియర్లు. 15 సెంటీమీటర్లకు ఒకటి కాబట్టి దండ ఏడున్నర మీటర్లు, పోను రాను 15. మంచి రాగికి చివర ముప్పావు వోల్టు పడిపోతది. ఈ వైరుకు లెక్కగడితే రెండు వోల్టులు. మిగిలిన మూడు వోల్టులకు ఎరుపు వెలుగుతది, పచ్చ, నీలం మసకబారుతయి. తెల్ల అక్షరం దండ చివర ఎర్రగ అయితది.

సప్లయర్ ఏమన్నడంటే, "రెండు దిక్కులా కరెంటియ్యి, రోడ్డు మీదికెళ్లి ఎవడు చూస్తడు?" మొదటి మాట అబద్ధం కాదు. రెండు చివరలకు 5 వోల్టులిస్తే డ్రాప్ నాలుగో వంతుకు దిగుతది, ఎక్కిచ్చిన రోజు బోర్డు బ్రహ్మాండంగ వెలుగుతది. అందుకే ఈ ఒక్క సంగతి మీద నిద్ర పట్టలే. పండుగ సీజన్ పోతది, వెలిగితే అడిగేటోళ్లు లేరు. కానీ రెండు దిక్కులంటే అతుకులు పెరుగుతయి, అల్యూమినియానికి సోల్డరింగ్ సరిగ పట్టదు. డాబా మీద ఎండకు సాగి, రాత్రి ముడుచుకొని, వాన చెమ్మకు అదే అతుకు చెడిపోతది. ఏ రంగు వెలగాల్నో పిక్సెళ్లకు చెప్పే డేటా వైరు అతుకు ఒక్కటి ఊడితే దాని తర్వాతి పిక్సెళ్లన్నీ ఆగిపోతయి. ఇక ఎవడు చూస్తడంటే, గడియారం సెంటర్ల నిలబడి మేమే చూస్తం.

"ఉన్న పాత స్టాకుతో 8 వరుసలది పెట్టుండ్రి" అని కొందరు అడిగిండ్రు. ఇంగ్లిష్ అక్షరం 7 వరుసలల్ల ఇముడుతది. తెలుగుకు పైన గుడి, కింద వత్తు. 8 వరుసలల్ల 'లక్ష్మీ' రాస్తే 'క్ష్మీ' ఉత్త వెలుగు ముద్ద. తెలుగు బోర్డు 16 వరుసలకు తగ్గించం, ఎంత చెప్పినా. ఇంగ్లిష్ పేరు చాలనేటోళ్లకు 8 వరుసలది ఇప్పుడే ఎక్కిస్తం.

ఇంతకు ముందు ఎక్కిచ్చిన బోర్డులు వేరే లాటువి, రాగి వైరే. కొత్త లాటుల ప్రతి దండనూ ఫుల్ తెలుపు పెట్టి చివర మీటరుతో చూస్తం, 4 వోల్టులకు తక్కువ చూపితే తీసుకోం. 16 వరుసలు, 64 నిలువులంటే 1024 పిక్సెళ్లు, 61 ఆంపియర్లు. అందుకు 60 ఆంపియర్ల సప్లైలు (ఇంటి కరెంటును 5 వోల్టులకు దించే డబ్బాలు) రెండు పెట్టి, వెలుగు 60 శాతం దాటనియ్యం. సప్లైలు మెట్ల గదిల ఉంటయి, స్లాబు మీద కాదు.

రేటు పెంచం. ఆగలేమన్నోళ్లకు అడ్వాన్సు పూర్తిగ వాపసు, కారణం అడగం. జీఐ (జింకు పూత ఇనుము) ఫ్రేము ఎక్కిచ్చి వదిలిన ఇండ్లకు ఈ వారంల మా పిల్లలు వచ్చి బోల్టు రంధ్రాలకు సిలికాన్ కొట్టి పోతరు, డాబా తాళంచెవి దగ్గర పెట్టుండ్రి.