పిల్లల పడవ పందేలకు క్లబ్బు వయసు కొలమానమా?

సంపాదకులకు నమస్కారం.

పిల్లల తెరచాప పడవ పందేల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న క్లబ్బులకే పెద్దపీట వేయాలని, ఎవరో సొంత డబ్బుతో పెట్టిన ప్రైవేటు క్లబ్బుల పిల్లలను ఎంపిక పోటీలకు దూరంగా ఉంచాలని వాదించేవారు రాయలసీమ సంగతి ఆలోచించినట్లు లేదు. చెన్నైలో 1911 నాటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది, హుస్సేన్ సాగర్ మీద సైన్యం అండ ఉన్న క్లబ్బులున్నాయి. మనకు ఎండిన చెరువుల చరిత్రే తప్ప అటువంటి వారసత్వం లేదు. 26.85 టీఎంసీల గండికోట జలాశయం ఒడ్డున రేపు ఏ క్లబ్బు వెలసినా అది కొత్తదే అవుతుంది. గాలికి మాత్రం కొదవ లేదని రామగిరి గాలిమరలను చూసినవారందరికీ తెలుసు.

పైగా ఈ ఆటలో ఆలస్యానికి పరిహారం ఉండదు. పిల్లలు మొదట నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవలో పదిహేనేళ్లు నిండే సంవత్సరం వరకే పోటీ చేయనిస్తారు కనుక, కొత్త క్లబ్బు గుర్తింపు దస్త్రం రెండు మూడేళ్లు బల్ల మీద నానితే పన్నెండేళ్ల పిల్ల అవకాశం అక్కడితో ముగిసిపోతుంది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఐఎల్‌సీఏ-4 అనే, ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ విభాగంలో రజతం గెలిచిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్‌లోని ఒక రైతు బిడ్డ. సముద్రం లేని భోపాల్‌లో, చెరువు నీటి మీద నేర్చుకుంది.

పాత క్లబ్బుల అభ్యంతరాలను నేను కొట్టిపారేయను. రక్షణ పడవలు, అనుభవమున్న పందెం నిర్వాహకులు వారి దగ్గరే ఎక్కువ. తాము ఏళ్లపాటు తీర్చిదిద్దిన పిల్లవాణ్ణి పోటీల ముందు ప్రైవేటు క్లబ్బు ఎగరేసుకుపోయి, ఆ పతకాన్ని తన ప్రకటనల్లో వేసుకోవడం అన్యాయమే. అయితే దానికి మందు సీజను మధ్యలో క్లబ్బు మారినవారి ఫలితాలను ఆ ఏడాదికి పాత క్లబ్బు ఖాతాలోనే రాయడం. కొత్త క్లబ్బులన్నింటికీ తలుపు మూయడం కాదు. ఆప్టిమిస్ట్ పందెంలో పడవలో ఉండేది ఒక్క బిడ్డే, పందెం సాగుతుండగా శిక్షకుడు కూడా సాయం చేయకూడదు. అటువంటప్పుడు ఎంపిక ఆ బిడ్డ ఫలితాల మీద జరగాలి.

గండికోటలోనో బ్రహ్మంసాగర్ జలాశయంలోనో సెయిలింగ్‌కు అనుమతులిచ్చే ముందు రక్షణ పడవ, లైఫ్ జాకెట్లు, అర్హత గల శిక్షకుడు, రుసుము కట్టలేని పిల్లలకు కొన్ని ఉచిత స్థానాలు అనే షరతులను పాత కొత్త క్లబ్బులకు ఒకేలా వర్తింపజేసి, వాటిని ముందుగానే ప్రకటించాలని రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, జమ్మలమడుగు, కడప జిల్లా