గూడ్సుబండికి ఒంటికన్నువాడు రాయునది

ఒరేయ్ గూడ్సుబండీ,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు బాకీ. తిట్టుకో, కానీ మెల్లగా తిట్టుకో, ఆపరేషన్ అయినవాణ్ణి. కుడికంటికి శుక్లం తీసి లెన్సు వేసి ఇవాళ్టికి ఏడో రోజు. నొప్పి లేదు, గిప్పి లేదు. నల్లకళ్ళద్దాలు, రెండుగంటలకోసారి చుక్కలు, తలస్నానం వద్దు, వంగొద్దు. డాక్టరు చెప్పింది ఇంతే. చదవొద్దు, రాయొద్దు, టీవీ వద్దు, ఫోను బీరువాలో పెట్టి తాళం వేయడం మాత్రం మా ఆవిడ సొంత కవిత్వం. ద్వారం వెంకటస్వామినాయుడుగారికి చిన్నప్పట్నుంచీ చూపు మందమే, అయినా 1936లో మన విజయనగరం మ్యూజిక్ కాలేజీకి ప్రిన్సిపాల్ కాలేదా అన్నాను. "ఆయన ఫిడేలు వాయించారు. మీరేం వాయిస్తారు?" అంది. జవాబుందా నీ దగ్గర? ఇవాళ మంగళవారం, పైడితల్లమ్మ గుడికెళ్ళింది. వచ్చేలోపు రాసెయ్యాలి. గీతలు కొండెక్కి దిగుతుంటే నువ్వే సర్దుకుని చదువుకో.

పిల్లలు కులాసా. పెద్దాడికి ట్రాన్స్‌ఫర్ ఇంకా రాలేదు. ఆదివారం పేజీలో నా నాటక సమీక్షల కాలమ్ లేకపోతే ఊళ్ళో ఒక్కడూ అడగలేదు. దాని గురించి తర్వాత ఏడుద్దాం.

అసలు సంగతి విను. మొదటి మూడు రోజులూ పడుకోవడం, వినడం తప్ప పని లేదు. వీధిలో ఎవరి చెప్పులు ఎలా చప్పుడవుతాయో నేర్చేసుకున్నాను. రెండోరోజు తెల్లారగట్ల వెనక డాబా మీంచి హార్మోనియం. సరళీస్వరాలు కాదు. ఎవరూ పాడని పద్యానికి వాయిస్తున్నాడు! పద్యం సాగేంతసేపు పెట్టె అణిగి ఉంది, చివర్న రాగం ఎత్తుకోవలసిన చోట లేచింది, ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు కాస్త ఆగింది, ఆ ఆగినచోట స్వరం మాత్రం తెగలేదు. కళ్ళు తెరిచి ఉంటే ఇది నాకు వినిపించేది కాదురా. ముప్ఫై ఏళ్ళుగా కృష్ణుడి కిరీటం చూస్తూ రాశాను గావాలు.

మూడోరోజు సాయంత్రం ఆయనే వచ్చాడు, బత్తాయిలు పట్టుకుని. వెనకింట్లో కొత్తగా అద్దెకు దిగారట, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. పేరు చెప్పాడు. నా చేతిలో గ్లాసు వణికింది.

ఆ పేరు నీకు తెలుసు. 1996, నెల్లిమర్ల అవతల తీర్థంలో కాంట్రాక్టు నాటకం. ఒకే నాటకంలో సీనుకొకరుగా ముగ్గురు కృష్ణులు. మనం పడకసీను సగంలో లేచాం, నీ ఖరగ్‌పూర్ బండి తప్పిపోతుందని. (బండి రెండున్నర గంటలు లేటు. స్టేషన్లో టీ తాగుతూ నువ్వే అన్నావు, "హార్మోనియం గూడ్సుబండి ఇంజనులా రొప్పిందిరా" అని. అప్పట్నుంచీ కదా నువ్వు గూడ్సుబండివి.) మర్నాడు కరపత్రం ముందేసుకుని, చూడని రాయబారం సీనుతో సహా సమీక్ష రాసిపారేశాను. నీ మాట మక్కీకి మక్కీ దించాను. హార్మోనిస్టు పేరు కరపత్రంలో ఉన్నదే పెట్టాను. కింద మన దొంగపేరు, అదే మీ మేనత్తది.

ఆ పేరున్న మనిషి ఇప్పుడు నా మంచం పక్కన కూర్చుని బత్తాయి వలుస్తున్నాడు.

ఏదో ఒకటి మాట్లాడాలని నాటకాల సంగతి ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది. కృష్ణుడు మారినప్పుడల్లా శ్రుతి మారుతుందట. ఒకటో కృష్ణుడు నాలుగు శ్రుతిలో పాడితే రెండో ఆయనకి ఐదున్నర కావాలి. తెల్లవారుజామున మూడో ఆయన గొంతు జీరపోతే ఎవరికీ తెలియకుండా అరమెట్టు దించాలి. "వన్స్‌మోర్ వాళ్ళకి బాబూ, చెమట మాది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అంతలో ఆయనే అన్నాడు, "నెల్లిమర్ల కాడ ఓసారి పేపరోళ్ళు నన్ను గూడ్సుబండి అన్నారు బాబూ. ఆరోజు నేను నాటకానికే ఎల్నేదు. జొరం."

ఎల్నేదురా! వాయించింది ఆయన బావమరిది, ఇరవై రెండేళ్ళ కుర్రాడు. పెట్టె తిత్తికి చిల్లు, రాత్రికిరాత్రి గుడ్డపీలిక అంటించి వాయించాడట. అదీ మనం విన్న రొప్పు. అంటే నీ చెవి తప్పు కాదు. నీ చెవికి మంచిమార్కులే పడ్డాయి, సంతోషించు.

"మరి మీకు నష్టమేమైనా..." అని అడిగాను, గొంతు ఎటో పోయి.

"రెండు నాటకాలు పోయాయి. మళ్ళీ వచ్చాయి. పేరు నాది పడింది గానీ వాయించినోడు ఆడు కదా. ఆడికి తెలుసు. పెట్టె మళ్ళీ ముట్టుకోనేదు. సైకిల్ షాపు పెట్టుకున్నాడు."

ఆ తర్వాత పావుగంట బత్తాయిల ధర గురించి మాట్లాడాడు. ఒక్కముక్క వినలేదు నేను.

ఆ రాసింది నేనని ఆయనకి తెలీదు. మన ఇద్దరికే తెలుసు, పోయిన మీ మేనత్తకి కూడా తెలీదు. రోజూ నాలుగింటికి వస్తున్నాడు. నిన్న నా కోసం పెట్టె మోయించుకుని మరీ వచ్చాడు, వినడానికి కళ్ళెందుకు బాబూ అంటూ. గంటన్నర వాయించాడు. మా ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు. నేను రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి మంచినీళ్ళు అడిగాను, రెండోసారి అదీ లేదు.

సవరణ వేయిద్దామా అంటే అప్పట్లో ఆ సమీక్ష పడిన పేజీయే ఇప్పుడు లేదు. వేసినా ఏమని వేస్తాం? "రొప్పింది మనిషి కాదు, తిత్తి" అనా? ఆ సైకిల్ షాపు కోట దగ్గరేనట. వెళ్ళి ట్యూబు పంక్చరని కూర్చుంటే... లేదు, నాకు సైకిలే లేదు. నువ్వుంటే ఏదో ఒక వెధవసలహా ఇచ్చేవాడివి, దానికి ఎదురు చేసేవాణ్ణి, అది సరిపోయేది. నిజంగా అడుగుతున్నాను, చెప్పమంటావా? ఊళ్ళోవాళ్ళని ఇన్నేళ్ళు మార్కులేసి నిలబెట్టినవాణ్ణి, ఒక్క ముసలాయన ముందు...

ఉత్తరం మీ ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారమంత అయింది. 1072 మీటర్లంటూ మమ్మల్ని చంపేవాడివి, హుబ్బళ్ళిలో 1507 కట్టాక నోరెత్తావా? సరే, మేనల్లుడు వచ్చాడు, స్పీడ్‌పోస్టు కౌంటరు మూసేస్తారట. చుక్కల వేళ కూడా దాటింది. తల పైకెత్తి పడుకోవాలి, ఇంక గీత కనపడదు. ఆయన వచ్చేది నాలుగింటికి, ఇప్పుడు మూడున్నర. గేటు దగ్గర మా ఆవిడ చెప్పుల చప్పుడు, పక్కన ఇంకెవరివో...

నీ
ఒంటికన్నువాడు