రెజిన్ విమానాలు పిల్లల బొమ్మలు కావు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం సంచికలో వేసవి సెలవుల హాబీల మీద మీరు వేసిన పేజీ చూశాను. రెజిన్ అనే, పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసే చిన్న విమానాల మోడళ్ల గురించి కూడా నాలుగు ముక్కలు రాశారు, చాలా సంతోషం. కానీ ఆ ఫొటో చూశాక ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. పదేళ్ల పిల్లాడు మూతికి ఏమీ కట్టుకోకుండా పొడి ఎమెరీ కాగితంతో రెజిన్ ముక్కని రుద్దుతున్నాడు, బల్లంతా తెల్లటి పొడి. అది సుద్దపొడి కాదండీ. పాలీయురెథేన్ రెజిన్‌ని రుద్దితే కంటికి ఆననంత సన్నటి పొడి లేస్తుంది, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కార్లకి రంగులేసేవాళ్లు వాడే వాటర్ పేపర్ తెచ్చుకుని, నీళ్లలో ముంచుకుంటూ రుద్దాలి, ఎన్-95 మాస్కు పెట్టుకోవాలి, పనయ్యాక బల్లని తడిగుడ్డతో తుడవాలి తప్ప ఊడవకూడదు. ఈ ఒక్క మాట తప్పకుండా వేయండి.

ఇంకో మాట. ఇవి "పనికిరాక మూలపడేసిన విమానాల బొమ్మలు" అని, ఒక్క పూటలో ఎవరైనా చేసేయొచ్చని రాశారు. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నవాడిగా ఆ రెండు మాటలూ నాకు బాధ కలిగించాయి.

అందరికీ తెలిసిన యుద్ధ విమానాలకి, ముక్కలు అతికించి చేసుకునే ప్లాస్టిక్ కిట్లు దొరుకుతాయి, ఎందుకంటే ఉక్కు అచ్చుకి పెట్టిన డబ్బు వేల కిట్లు అమ్మితే తిరిగొస్తుంది. ఒకటో రెండో తయారై ఆగిపోయిన ప్రయోగాత్మక విమానాన్ని అంతమంది కొనరు కదా. అందుకే ఎవరో ఒకళ్లు చేత్తో మూలరూపం చెక్కి, సిలికాన్ అచ్చు తీసి, అందులో రెజిన్ పోస్తారు. కొన్ని పదులు పోసేసరికి అచ్చు చిరిగిపోతుంది. అలా వచ్చిన ముక్కలకి గాలి బుడగల చిల్లులుంటాయి, రెక్క వంకర తిరిగి ఉంటుంది, వేడినీళ్లలో ముంచి సాపు చేసుకోవాలి. ప్లాస్టిక్ కిట్ల జిగురు దీనికి అంటదు, ఫెవిక్విక్ లాంటిదే కావాలి. ఒక్క పూటలో చిల్లులు కూడా పూడవు.

నా బల్ల మీద ఇప్పుడున్నది అమెరికా వాళ్ల ఎక్స్‌ఎఫ్-85 గోబ్లిన్. బీ-36 బాంబర్ చాలా దూరం పోగలదు, దానికి కాపలాగా అంత దూరం వెళ్లే ఫైటర్ అప్పట్లో లేదు, అందుకని బాంబర్ కడుపులోనే పెట్టుకుపోయే బుల్లి ఫైటర్‌ని మెక్‌డొనెల్ కంపెనీ తయారుచేసింది. పొడవు 15 అడుగులు కూడా లేదు, రెక్కల కొస నుంచి కొసకి 21 అడుగులు. 1/72 స్కేలులో, అంటే అసలు దానిలో 72వ వంతు సైజులో, అది అరచేతిలో ఇమిడిపోతుంది. చక్రాలు లేవు. కాక్‌పిట్ ముందు ఒక కొక్కెం, దానితోనే తిరిగి తల్లి విమానానికి తగులుకోవాలి. నా కిట్‌లో ఆ రెజిన్ కొక్కెం బయటికి తీస్తుండగానే విరిగింది. పాత చార్జర్ వైరులోంచి రాగితీగ లాగి, నోస్ ప్లయర్‌తో వంచి, నాలుగోసారికి సరిగ్గా కుదిరించాను. కదలని బల్ల మీద, దీపం కింద నాకే అంత కష్టమైతే, గాల్లో ఆ కొక్కేన్ని తల్లి విమానం కింద వేలాడే కడ్డీకి తగిలించాల్సిన మనిషి సంగతి ఏంటి?

ఆయన పేరు ఎడ్విన్ షోక్. 1948 ఆగస్టు 23న మొదటిసారి, పరీక్షకి తల్లి విమానంగా వాడిన బీ-29 బాంబర్ కింద నుంచి విడిపడి ఎగిరాడు. తిరిగి తగులుకోబోతే కడ్డీ కొట్టి కాక్‌పిట్ అద్దం పగిలింది, హెల్మెట్, మాస్కు ఎగిరిపోయాయి, అయినా కాలిఫోర్నియాలోని మ్యూరాక్ ఎండిన చెరువు నేల మీద పొట్టతో దింపి బతికి బయటపడ్డాడు. తర్వాత మళ్లీ ఎక్కాడు కూడా! మొత్తం ఏడు సార్లు ఎగిరితే మూడు సార్లే కొక్కెం పడింది, గాల్లో ఉన్నది అన్నీ కలిపి 2 గంటల 19 నిమిషాలు. 1949లో ఆపేశారు. బాంబర్ కడుపులో పట్టాలని పొట్టిగా, లావుగా చేశారు, ఆ పొట్టి విమానమే పెద్ద విమానం కింద సుడిగాలిలో నిలవలేకపోయింది. ఇది నేను చదివే తెలుసుకున్నాను గానీ అర్థమైంది మాత్రం ఆ ముక్కల్ని చేతిలో తిప్పి చూశాకే. పనికిరాని విమానం అని ఎలా అంటాం?

గోబ్లిన్లు రెండూ ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి, అది అదృష్టం. అమెరికా విమాన ఇంజనీరు జాక్ నార్త్‌రప్ కట్టిన వైబీ-49 బాంబర్, తోకే లేకుండా 172 అడుగుల రెక్క ఒక్కటే విమానం, ఒక్కటి కూడా మిగల్లేదు, రెండు ప్రమాదాల్లో పోయాయి, మిగతావి తుక్కు చేసేశారు. 1980లో, బాగా జబ్బుపడ్డ ఆ పెద్దాయనకి రహస్యంగా తయారవుతున్న బీ-2 బాంబర్ మోడల్ చూపించారు. అదీ ఒకటే రెక్క, వెడల్పూ అదే 172 అడుగులు. తర్వాతి ఏడాదే ఆయన పోయారు. తన ఆలోచన గెలిచిందని ఆయనకి తెలిసింది చేతిలో పట్టుకున్న ఒక చిన్న మోడల్ వల్ల. మోడల్ అంటే బొమ్మే కదా అనేవాళ్లందరికీ నేను ఈ సంగతే చెబుతాను.

పిల్లలకి నేర్పించొద్దని నేననడం లేదు, నేర్పించండి. పదేళ్ల వాళ్లకి ముందు చిన్న ప్లాస్టిక్ కిట్ ఇవ్వండి, రుద్దే పని తక్కువుంటుంది. రెజిన్ పెద్దయ్యాక, పక్కన తెలిసినవాళ్లని పెట్టుకుని మొదలుపెట్టొచ్చు. వచ్చే ఆదివారం ఆ జాగ్రత్తలు వేస్తే, కుదిరితే ఈసారి మాస్కు పెట్టుకున్న పిల్లాడి ఫొటోతో వేస్తే, మీకు రుణపడి ఉంటాను.

— ఒక పాఠకుడు, విజయవాడ