మా సీమ కోటలను చూపించే మనుషులను ఇవ్వండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

నేను కడప జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ని. గండికోట గురించీ, సీమలోని తక్కిన కోటల గురించీ మీకు ఒక విషయం విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

చలికాలంలో ఏ శని, ఆదివారమైనా గండికోటకు రండి. కర్ణాటక, తెలంగాణ నంబర్లున్న కార్లు జమ్మలమడుగు దారిలో బారులు తీరి ఉంటాయి. తెల్లవారకముందే జనం లోయ అంచుకు చేరుకుంటారు. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పారే చోటు అది. ఒక్కసారి చూసినవాళ్లు మళ్లీ రాకుండా ఉండలేరు. ఫోటోలు దిగుతారు, వీడియోలు తీస్తారు, ఎండ ముదిరేలోపు తిరుగు ప్రయాణం కడతారు. పోయేటప్పుడు జుమ్మా మసీదు కనబడుతుంది, పక్కనే ధాన్యాగారం కనబడుతుంది, కాస్త అవతల మాధవరాయస్వామి గుడి గోపురం కనబడుతుంది. కాసేపు ఆగి, ధాన్యాగారం ముందు నిలబడి, ‘ఇదేం కట్టడం?’ అని ఒకరినొకరు అడుగుతారు. చెప్పేవాళ్లు ఉండరు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లు లోయను చూసి వెళ్లిపోతున్నారు. కోటను చూడకుండానే పోతున్నారు.

తప్పు వాళ్లది కాదు. కోట దగ్గర పురావస్తు శాఖ వారి నీలం బోర్డు ఉంది. ఇది రక్షిత కట్టడమని, పాడుచేస్తే శిక్ష తప్పదని దాని మీద ఉంటుంది. ఆ హెచ్చరిక ఉండాల్సిందే, నేను కాదనను. చట్టంలో రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. కానీ ఈ గోడలు ఎవరు కట్టారో, ఎవరు ఏలారో, ఎప్పుడు, ఎలా పోగొట్టుకున్నారో నాలుగు ముక్కలు తెలుగులో చదువుకునే వీలు లేకపోతే, వచ్చినవాడు శిక్ష గురించి తెలుసుకుని పోతాడు గాని కోట గురించి కాదు.

గోల్కొండకు పోయి వచ్చిన తెలుగువాణ్ని ఎవర్నైనా అడగండి. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినబడుతుందని చెప్తాడు. కుతుబ్‌షాహీల సంవత్సరాలు గుర్తుండకపోవచ్చు గానీ ఆ చప్పట్లు మాత్రం ముప్పై ఏళ్లయినా మరిచిపోడు. ఎందుకంటే అక్కడ ఒక గైడ్ నిలబడి చప్పట్లు కొట్టి చూపించాడు. జోధ్‌పూర్‌లోని మెహ్రాన్‌గఢ్‌కు పోతే చెవికి పెట్టుకునే ఆడియో గైడ్ ఇస్తారు. ఏ తలుపు దగ్గర ఏం జరిగిందో వింటూ నడవొచ్చు. ఆ కోటను ఒక ట్రస్టు 1972 నుంచి నడుపుతోంది. ఇవి మనకు చేతకానివి కావు.

గండికోటలో చెప్పడానికి ఏముంది అంటారా? టావెర్నియర్ అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి 1652లో ఈ కోటకు వచ్చాడు. అప్పటికే పెమ్మసాని నాయకుల చేతి నుంచి కోట జారిపోయి, గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి వచ్చింది. తాను తెచ్చిన ముత్యాలు, రత్నాలు మీర్ జుమ్లాకు చూపించడం కోసం టావెర్నియర్ ఇంత దూరం వచ్చాడు. కోట మీదికి ఎక్కే దారి ఎంత ఇరుకో, ఒక పక్క అగాధం ఎంత లోతో రాసిపెట్టాడు. మీర్ జుమ్లా దర్బారు గురించి ఆయన రాసింది నేను పిల్లలకు చెప్తే క్లాసంతా కదలకుండా వింటుంది. మీర్ జుమ్లా చెప్పుల్లేకుండా కింద కూర్చున్నాడట. కాలి వేళ్ల సందుల్లో ఉత్తరాలు, ఎడమ చేతి వేళ్ల సందుల్లో ఉత్తరాలు. ఒక్కొక్కటే తీసి, దేనికి ఏం జవాబు రాయాలో ఇద్దరు లేఖకులకు చెప్తున్నాడట. ఒక పెద్ద రాజ్యం వ్యవహారాలు ఆ రోజు ఇక్కడి నుంచి నడిచాయి. ఇదంతా ఎక్కడో పుస్తకంలో ఉంది. కోటలో నిలబడిన మనిషి చెవికి మాత్రం చేరడం లేదు.

మన దగ్గర ఇంకొక నిధి కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ అధికారి కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులు. రెండు వందల ఏళ్ల కిందట ఊరూరా తిరిగి, కరణాలను, పెద్దలను అడిగి రాసుకున్న ఊరి చరిత్రలు. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయతులను సంపుటాలుగా అచ్చువేసింది. గైడ్‌కు కావలసిన సరంజామా అంతా కడప ఊళ్లోనే అరల్లో ఉంది. ఎవరో ఒకరు దాన్ని కోట దాకా మోసుకుపోవాలి, అంతే.

ఇక ఒంటిమిట్ట సంగతి. శ్రీరామనవమి బ్రహ్మోత్సవాల్లో ప్రభుత్వ లాంఛనాలతో కోదండరాముని కల్యాణం జరుగుతుంది. వేల మంది వస్తారు. టావెర్నియర్ ఆ గుడినీ చూసి మెచ్చుకుని రాశాడు. అక్కడికి దగ్గర్లోనే పెన్న ఒడ్డున సిద్ధవటం కోట ఉంది. మట్లి రాజుల కోట. నిజాం ఇచ్చిన దత్త మండలాలను, అంటే ఈ సీమను, ఇంగ్లీషువాళ్లు తీసుకున్న కొత్తలో జిల్లా కేంద్రం సిద్ధవటమే. 1812లో కడపకు మారింది. రాములవారిని దర్శించుకున్న యాత్రికుడికి ‘ఇక్కడే ఇంకో చోటు ఉంది, రండి’ అని చెప్పే ఒక్క బోర్డు, ఒక్క చిన్న బస్సు ఉంటే సిద్ధవటం పరిస్థితే మారిపోతుంది. కోట గోడల నీడలో నడుస్తుంటే పక్కన ఏరు. అంత ప్రశాంతమైన చోటు జిల్లాలో ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

కర్నూలు నుంచి బెంగళూరు వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద పోతుంటే గుత్తి కొండ కనబడుతుంది. ఆ దారిన రాత్రింబవళ్లు ఎన్ని బస్సులు, ఎన్ని కార్లు పోతాయో మీకు తెలియనిది కాదు. గుత్తి అంటే చాలామందికి రైల్వే జంక్షనే. ఆ కొండ మీద మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఏలాడు. హైదర్ అలీ ముట్టడించి 1776లో పట్టుకున్నాడు. గోడలు కూలి కాదు, కొండ మీద నీళ్లు అయిపోయి కోట లొంగిపోయింది. మురారిరావు చివరికి కబ్బాళదుర్గంలో బందీగా చనిపోయాడు. పైన నీటి గుంటల పక్కన నిలబడి ఈ మాట చెప్తే, మే నెలలో బిందె పట్టుకుని నిలబడే మా సీమ మనిషికి వేరే వివరణ అక్కర్లేదు. దత్త మండలాలకు తొలి కలెక్టరైన సర్ థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే ముందు ఖననం చేసింది కూడా గుత్తిలోనే. తర్వాత మద్రాసుకు తరలించారు. ఒకే కొండ చుట్టూ ఇంత కథ. దారిలో పోయేవాడు టీ తాగి పోతున్నాడు.

అదే రహదారి మీద ఇంకా ముందుకు పోతే పెనుకొండ. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది గానీ మొన్నటిదాకా అనంతపురమే. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత విజయనగరం పాడుబడితే, తిరుమలరాయలు రాజధానిని తెచ్చుకుంది ఇక్కడికే. గగన్ మహల్ ఇప్పటికీ నిలబడి ఉంది. కార్ల ఫ్యాక్టరీ వచ్చాక పెనుకొండ పేరు అందరికీ తెలిసింది, మంచిదే. కానీ ఒక సామ్రాజ్యం ఓడిపోయి, మళ్లీ ఊపిరి పీల్చుకున్న ఊరు ఇదని ఆ ఫ్యాక్టరీకి వచ్చిపోయేవాళ్లలో ఎందరికి తెలుసు? చంద్రగిరి రాజమహల్‌లో మ్యూజియం ఉంది, రాత్రిపూట లైట్ అండ్ సౌండ్ ప్రదర్శన పెట్టారు. పెనుకొండ నుంచి రాజధాని తర్వాత పోయింది ఆ చంద్రగిరికే. కథ రెండో భాగం చూపిస్తున్నాం, మొదటి భాగం వదిలేశాం.

కర్నూలు కొండారెడ్డి బురుజు సినిమాల పుణ్యమా అని అందరికీ తెలుసు. బనగానపల్లె నవాబు బంగ్లానైతే ఊళ్లోవాళ్లే సినిమా పేరు పెట్టి పిలుస్తారు. 1948 దాకా బనగానపల్లె ఒక సంస్థానమన్న సంగతి మరుగున పడింది. ఆదోని, రాయదుర్గం కోటల గురించి రాయాలంటే ఇంకో లేఖ అవుతుంది.

మంత్రివర్యా, పైకి ఎక్కువగా రాని ఒక బాధ కూడా మీ దృష్టికి తీసుకురావాలి. సీమలో గుప్తనిధుల వేట ఉంది. మనుషులు తిరగని కోటల్లో, పాడుబడ్డ గుళ్లలో రాత్రిపూట తవ్వేస్తారు. విగ్రహాల కింద, శాసనాల రాళ్ల కింద, బురుజుల మొదట్లో గోతులు. పొద్దున మేకలు తోలుకుపోయేవాళ్లు చూసి చెప్తేనే తెలుస్తుంది. పోలీసులు ప్రతి కొండకూ కాపలా పెట్టలేరు. రోజూ పదిమంది యాత్రికులు తిరిగే చోట, ఆ ఊరి పిల్లవాడే గైడ్‌గా పనిచేసే చోట, ఆ గోడల మీద ఆ ఊరికి ఆధారం ఉంటుంది. తన కూడు అక్కడే ఉందనుకున్న ఊరు అక్కడ గడ్డపార పడనివ్వదు. పర్యాటకం వల్ల కోటలు పాడవుతాయన్న భయం కొందరికి ఉంది. నేను చూసినంతలో సీమ కోటలను పాడుచేస్తున్నది నిర్మానుష్యమే.

2024లో రాష్ట్రాలకు యాభై ఏళ్ల వడ్డీలేని రుణం ఇచ్చే పథకం కింద కేంద్రం గండికోటకు దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. చాలా సంతోషం. రోడ్లు, బస, వెలుగులు, అన్నీ కావాలి. లోయ అంచున కంచె ముందు కావాలి. ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు, తాగడానికి నీళ్లు అంతకంటే ముందు కావాలి. అవి లేకనే చాలా కుటుంబాలు గంటలోపే వెనక్కి తిరుగుతున్నాయి. అయితే రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం కుదరదు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతులు తప్పవు. ఏ పని తలపెట్టినా ఆలస్యం. ఒక గైడ్‌ను తయారుచేసి కోటలో నిలబెట్టడానికి మాత్రం ఒక్క రాయి కూడా కదిలించనక్కర్లేదు. అందుకే మొదట ఆ పని మొదలుపెట్టమని అడుగుతున్నాను.

గండికోట ఊరు కోట లోపలే ఉంది. సిద్ధవటం, గుత్తి, పెనుకొండ ఊళ్లు కోటలను ఆనుకునే ఉన్నాయి. ఆ ఊళ్లలో డిగ్రీ చదివి పనిలేక ఇంటిపట్టున ఉన్న పిల్లలు ఉన్నారు. మగపిల్లలూ, ఆడపిల్లలూ. వాళ్లను ఎంపిక చేసి, యోగి వేమన, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల చరిత్ర అధ్యాపకులతో రెండు నెలలు శిక్షణ ఇప్పించండి. తెలుగు, కన్నడ, హిందీ, ఇంగ్లీషు, ఎవరికి ఏది వస్తే దానిలో చెప్పడం నేర్పించండి. కన్నడం మాత్రం తప్పనిసరి చేయండి, గండికోటకు వచ్చేవాళ్లలో బెంగళూరువాళ్లే ఎక్కువ. చేతికి గుర్తింపు కార్డు ఇచ్చి, గైడ్ రుసుము ఇంత అని ద్వారం దగ్గర రాసిపెట్టండి. ఏది జరిగిన చరిత్రో, ఏది ఊరి వాడుక కథో వేరుచేసి చెప్పడం వాళ్లకు నేర్పితే నాలాంటి ఉపాధ్యాయులకు అంతకన్నా కావలసింది లేదు. కోట దగ్గర మధ్యాహ్నం రాగి సంగటి, పొద్దున ఉగ్గాని-బజ్జి పెట్టే పని పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు అప్పగించండి. దూరం నుంచి వచ్చినవాళ్లు సీమ తిండి కోసం అడుగుతూనే ఉంటారు.

2013లో రాజస్థాన్‌లోని ఆరు కొండకోటలు యునెస్కో జాబితాలో చేరాయి. 2025లో మరాఠా సైనిక కేంద్రాల పేరిట 12 కోటలు చేరాయి. అందులో తమిళనాడులోని సెంజి కూడా ఉంది. సెంజిని ఏలిన నాయకులూ, గండికోటను ఏలిన నాయకులూ విజయనగరం చెట్టు కొమ్మలే. ఒక్కొక్క కోటను విడిగా చూపిస్తే ఎవరికీ ఆనదు. కర్నూలు, గుత్తి, పెనుకొండ, గండికోట, సిద్ధవటం కలిపి ఒక దారిగా చూపించండి. వారాంతాల్లో ఆర్టీసీ బస్సు ఒకటి తిప్పండి. యునెస్కో మాట తర్వాత ఆలోచించవచ్చు, ముందు మన రాష్ట్రం వాళ్లకైనా ఇవన్నీ ఒకే కథలోని ఊళ్లని తెలియాలి.

మా బడి పిల్లలు విహారయాత్ర అంటే మైసూరు అంటారు. మైసూరు ప్యాలెస్ దీపాలు చూసి ముచ్చటపడి వస్తారు. పడాల్సిందే. కానీ కృష్ణదేవరాయల పాఠం చదివిన పిల్లవాడు పెనుకొండ చూడకుండా పదో తరగతి దాటిపోవడం నాకు మనసుకు కష్టంగా ఉంటుంది. విద్యా శాఖతో మాట్లాడి, సీమ జిల్లాల ప్రభుత్వ బడులకు ఏటా ఒక కోట యాత్ర ఖర్చు మంజూరు చేయించగలరా? బస్సు, మధ్యాహ్న భోజనం, ఒక గైడ్, అంతకుమించి ఏమీ అడగడం లేదు.

అక్టోబరులో ఎండలు తగ్గాక జనం రాక మొదలవుతుంది. ఈలోపు గండికోటలోనో, గుత్తిలోనో మొదటి బ్యాచ్‌కు శిక్షణ మొదలుపెట్టించండి. పిలిస్తే సెలవు రోజుల్లో వచ్చి ఉచితంగా పాఠం చెప్పడానికి నేను సిద్ధం. నాలాంటి ఉపాధ్యాయులు ఈ సీమ జిల్లాల్లో ఇంకా ఉన్నారు, వాళ్లనూ వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
కడప జిల్లా నుంచి ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు