బోర్డింగ్ ఎందుకు ఆపామో, మా షాపులో కుందేళ్ళకి ఏమైందో చెప్తున్నా

అందరికీ నమస్తే అండి. సంక్రాంతి అయిన దగ్గర్నుంచి చాలామంది ఫోన్ చేసి బోర్డింగ్ (ఊరెళ్ళేటప్పుడు కుందేళ్ళని మా దగ్గర వదలడం) ఉందా, కొత్త కుందేలు పిల్లలు వచ్చాయా అని అడుగుతున్నారు, మా తమ్ముడేమో "కొన్నాళ్ళు లేదండి" అని పెట్టేస్తున్నాడు. అలా దాచడం నాకు నచ్చలేదు. మీరు మమ్మల్ని నమ్మి ఇంట్లో పిల్లల్లా చూసుకునే కుందేళ్ళని వదిలి ఊళ్ళకెళ్తారు, మీకు మొత్తం తెలియాలి. మా షాపులో కుందేళ్ళకి ముక్కు, ఊపిరికి సంబంధించిన ఇన్ఫెక్షన్ వచ్చింది, స్నఫుల్స్ అంటారు. అది పాకింది నా తప్పు వల్లే.

పండక్కి ముందు 9 కుందేలు పిల్లల్ని తెచ్చాం. కొత్తగా వచ్చినవాటిని నెల రోజులు వేరే గదిలో ఉంచాలి. నేను 4 రోజులే ఉంచాను, అదీ వేరే గది కాదు, అదే హాల్లో ఆ చివర. ఈలోపు పండగ బోర్డింగ్ కి 11 కుందేళ్ళు వచ్చేశాయి, చోటు చాల్లేదు, చూడ్డానికి బానే ఉన్నాయి కదా అని బోన్లన్నీ దగ్గరికి జరిపేశా. ఇంకోటి కూడా చెప్పాలి, పండగ మూడు రోజులూ పనమ్మాయి రాలేదు, బోన్ల కింద ట్రేలు రోజుకి రెండుసార్లు మార్చాల్సింది ఒక్కసారే మార్చాం. మనం నిలబడి ఉంటే ఏ వాసనా తెలీదు కానీ నేను కనుమ రోజు కింద కూర్చుని బోను దగ్గర మొహం పెడితే మూత్రం ఘాటుకి కళ్ళు మండాయి. వాటి ముక్కు ఉండేది ఆ ఎత్తులోనే కదండీ. ఆ అమోనియా ముక్కు లోపలి పొరని పాడు చేస్తది, అప్పటిదాకా ఊరికే పడున్న బ్యాక్టీరియాకి అదే దారి.

ఆ రోజే మొదటి తుమ్ము విన్నా. తెల్ల కుందేలు ఒకటి, బోర్డింగ్ ది, పేరు ముత్యం. ముక్కు చూస్తే శుభ్రంగానే ఉంది. ముందు కాళ్ళు పట్టుకుని తిప్పి చూస్తే లోపలి వైపు బొచ్చు తడిసి, గంజి పెట్టిన బట్టలాగా అట్టకట్టేసి ఉంది. ముక్కు కారితే అవి ముందు కాళ్ళతోనే తుడుచుకుంటాయి, అందుకని మీరు కూడా ఇంట్లో ముక్కు ఒక్కటే చూసి వదిలేయకండి, కాళ్ళు చూడండి. మూడు రోజుల్లో మొత్తం 7 కుందేళ్ళకి వచ్చేసింది.

ఇంతకన్నా బాధ ఇంకోటుంది. ఆ 9 పిల్లల్లో 5 పండక్కి ముందే అమ్మేశాం. అందులో ఒకటి కొనుక్కెళ్ళినావిడ ఫోన్ చేసి తుమ్ముతోందండీ అంటే, నేను హడావుడిలో "చలికి జలుబు అయ్యుంటది, వెచ్చగా ఉంచండి తగ్గిపోద్ది" అనేశాను. ఆవిడకి మనసు ఆగక, వాళ్ళ బాబుకి వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ రెండ్రోజులు పోశారు. మూడో రోజు విరేచనాలు, నాలుగో రోజు తెల్లారేసరికి పోయింది. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, "నేనే చంపుకున్నానా" అని ఏడ్చారు. లేదమ్మా, ఆ రోజు ఫోన్లో నేను సరిగ్గా చెప్పుంటే ఆ సిరప్ ఆవిడ ముట్టుకునేవాళ్ళే కాదు.

అందుకే ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండామైసిన్, సెఫాలెక్సిన్ లాంటి యాంటీబయాటిక్స్ కుందేలుకి నోట్లో పోయకూడదు. మనకి, కుక్కలకి రోజూ ఇచ్చే మందులే అవి, కానీ కుందేలు పొట్టలో గడ్డి అరిగించే మంచి బ్యాక్టీరియా ఉంటది, ఈ మందులు దాన్ని చంపేస్తాయి, ఆ ఖాళీలో క్లాస్ట్రీడియం అనే చెడ్డ బ్యాక్టీరియా పెరిగిపోయి విషం తయారుచేస్తది. పెన్సిలిన్ ని డాక్టర్లు కొన్నిసార్లు ఇంజెక్షన్ గా ఇస్తారు, అది వేరే, అది వాళ్ళు చూసి చేసేది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా వద్దని చెప్పండి, ఉన్న రోగనిరోధక శక్తి కూడా పోద్ది. విక్స్, జండూబామ్, కర్పూరం రాయొద్దు. దోమల చక్రం, అగరొత్తులు, సాంబ్రాణి ఆ గదిలో అస్సలు వెలిగించొద్దు.

మా 7 కుందేళ్ళకి ఏం చేశామంటే, డాక్టర్ గారు రెండిటి ముక్కు లోపల్నుంచి స్వాబ్ (దూది పుల్లతో శాంపిల్) తీసి, ఏ బ్యాక్టీరియానో ల్యాబ్ లో పెంచి చూసే కల్చర్ టెస్ట్ కి పంపారు, పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా వచ్చింది. ఎక్కువగా ఇదే ఉంటదంట, ఒక్కోసారి బార్డెటెల్లా, స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియాలు కూడా. ఏ మందుకి లొంగుతుందో కూడా ఆ రిపోర్టులోనే ఉంటది కాబట్టి డబ్బులు ఎక్కువైనా ఆ టెస్ట్ చేయించుకోండి. ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు, ఒక్కోదాని బరువు చూసి డోస్. తుమ్ములు ఆరో రోజుకే తగ్గాయి కానీ 14 రోజులు పూర్తిగా వేశాం, రెండిటికి ఇంకా నడుస్తోంది. మధ్యలో ఆపితే మళ్ళీ తిరగబెడతది, అప్పుడు అదే మందు పనిచేయకపోవచ్చు. రోజుకి రెండుసార్లు క్యారియర్ (కుందేల్ని మోసుకెళ్ళే పెట్టె) లో కూర్చోబెట్టి పైన టవల్ కప్పి ఉత్త సెలైన్ తో నెబులైజర్ (ఆవిరిలా పీల్పించే మెషిన్) పెట్టాం, అది అయ్యాక గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో ముక్కు తుడిస్తే ఎండిపోయింది మెత్తగా వచ్చేస్తది.

మందు కన్నా కష్టం తినిపించడం. కుందేలు ఊపిరి ముక్కుతోనే పీలుస్తది, ముక్కు మూసుకుపోతే వాసన తెలీదు, తిండి మానేస్తది, తిండి మానేస్తే పేగులు ఆగిపోతాయి. 12 గంటలు తినకపోయినా, ట్రేలో పెంటికలు లేకపోయినా తెల్లారేదాకా ఆగకండి. మేం పెల్లెట్లు (కుందేళ్ళ దాణా గుళికలు) నానబెట్టి మెత్తగా చేసి సూది లేని సిరంజితో నోటి పక్కనుంచి కొంచెం కొంచెంగా పెట్టాం, రాత్రి కిరాణా కాటా మీద తూచి రాసుకున్నాం. నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే మాత్రం బలవంతంగా ఏమీ పెట్టకండి, అది ప్రాణం మీదకొచ్చినట్టే, అప్పటికప్పుడు హాస్పిటల్ కి పరుగెత్తండి. కుక్కల క్లినిక్ లో కుందేళ్ళు చూడం అన్నారని చాలామంది అక్కడితో ఆగిపోతున్నారు, మనకి దగ్గర్లో గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది కదా, అక్కడ అడగండి.

ఒకటి మాత్రం దాచను. ఈ జబ్బు తగ్గుద్ది కానీ చాలాసార్లు బ్యాక్టీరియా లోపలే ఉండిపోద్ది, ఎండాకాలం వేడికో, చోటు మారినందుకో మళ్ళీ బయటపడొచ్చు. ఒక కుందేలుకి చెవిలోకి పాకి తల ఓ పక్కకి వాలిపోయింది, ఇప్పుడు బానే తింటోంది, తల పూర్తిగా నిలబడుద్దో లేదో చెప్పలేమన్నారు డాక్టర్. ఆ కుందేలు వాళ్ళింటికెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పి వచ్చాను. పండక్కి బోర్డింగ్ లో ఉన్న 11 కుందేళ్ళ వాళ్ళకీ డబ్బులు తిరిగిచ్చేశాం, మందులు, టెస్టుల ఖర్చు అంతా మాదే, మళ్ళీ తిరగబెట్టినా మాదే.

మార్చి నెలాఖరు దాకా అమ్మకాలు, బోర్డింగ్ రెండూ లేవు. మేడ మీద గది ఖాళీ చేసి కొత్తవాటికి పెట్టాం, వాటి గిన్నెలు, చీపురు, మేం వేసుకునే చెప్పులు కూడా వేరే. రంపపు పొట్టు దుమ్ము లేస్తోందని మానేసి ఎండుగడ్డి, కాగితం వేస్తున్నాం. గినీ పిగ్స్ ని పూర్తిగా పక్క గదికి మార్చాం, కుందేళ్ళలో ఏం చేయకుండా ఉండే బార్డెటెల్లా వాటికి న్యుమోనియా తెప్పిస్తది, ఇన్నేళ్ళూ రెండిటినీ ఒకే గదిలో ఉంచాను, మీలో రెండూ పెంచేవాళ్ళు ఉంటే ఇవాళే విడదీయండి.

డిసెంబర్ 20 తర్వాత మా దగ్గర కుందేలు కొన్నవాళ్ళు, పండక్కి వదిలినవాళ్ళు, మీది బాగున్నా సరే ఒకసారి షాపుకి ఫోన్ చేయండి. డాక్టర్ గారు ప్రతి ఆదివారం సాయంత్రం 5 నుంచి 7 వరకు షాపుకే వచ్చి చూస్తున్నారు, ఫీజు మేం ఇస్తాం. వచ్చేటప్పుడు క్యారియర్ మీద పల్చటి గుడ్డ కప్పండి, ఏసీ గాలి నేరుగా తగలనీయకండి. ఫోన్ ఇప్పుడు నేనే ఎత్తుతున్నా.