కేసు షీటు మీద మూడు అక్షరాలు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఇది నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటిదానికి "పరిశీలనలో ఉంది" అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. రెండోదానికి అందినట్టు ఒక నంబరు వచ్చింది. మూడోదానికి అదీ రాలేదు. ఆ మూడూ కవర్లో పెట్టి మీ పేరు మీదే పంపాను. ఇది మాత్రం అందరూ చదివేలా రాస్తున్నాను. వేరే దారి కనబడలేదు.

ఎంపాక్స్ (ఇదివరకు మంకీపాక్స్ అనేవారు) అనుమానంతో వచ్చినవాళ్ళ వివరాలు గోప్యంగా ఉంచాలన్న మీ శాఖ ఆదేశం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మంచి ఆదేశమే. కానీ అది ఓపీ కౌంటరు దాకా రాలేదు.

నా స్నేహితుడికి జ్వరం వచ్చి ఒంటి మీద పొక్కులు లేచాయి. అతను బైసెక్సువల్, అంటే ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ ఇష్టపడేవాడు. పెళ్ళయినవాడు. ఆ సంగతి భార్యకు పెళ్ళికి ముందే చెప్పాడు, ఆమె తెలిసే చేసుకుంది. ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. పేపర్లో చూసి, ఎందుకైనా మంచిదని పరీక్ష చేయించుకుందామని తనంతట తానే వచ్చాడు. తోడు నేను వెళ్ళాను. ఇది ముఖ్యం సార్. ఎవరూ పట్టుకొచ్చింది కాదు, బాధ్యతగా తనే వచ్చాడు.

కౌంటర్లో ఉన్నతను కంప్యూటర్ మీద నుంచి తల ఎత్తకుండానే, "ఆడవాళ్ళతోనా, మగవాళ్ళతోనా?" అని అడిగాడు. గొంతు తగ్గించలేదు. మా వెనకాల పెద్ద లైను ఉంది. నా స్నేహితుడు నా వైపు చూశాడు. అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. డాక్టర్‌కు నిజం తెలిస్తేనే కదా వైద్యం అనుకున్నాడు. "ఇద్దరితో" అన్నాడు మెల్లగా. "ఆఁ?" అన్నాడు కౌంటరతను. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. వెనక నిలబడ్డ ఒకాయన రెండడుగులు వెనక్కి జరిగాడు. పొక్కులు అంతకుముందు నుంచీ ఆయన కళ్ళ ముందే ఉన్నాయి. అప్పుడు జరగలేదు.

వార్డులో పెట్టాక కేసు షీటు పైన కుడి మూలన ఎర్ర పెన్నుతో ఎం.ఎస్.ఎం. అని మూడు అక్షరాలు రాసి, చుట్టూ సున్నా చుట్టారు. పురుషులతో లైంగిక సంబంధం ఉన్న పురుషుడు అని దాని అర్థం. లెక్కలు తీసేవాళ్ళు వాడుకునే మాట అది, వాళ్ళ పనికి అవసరమే కావచ్చు. కానీ ఆ షీటు మంచం కాళ్ళ దగ్గర వేలాడుతోంది. బట్టలు ఇచ్చి పోదామని వచ్చిన అతని అన్నయ్య అది చూసి, ఈ అక్షరాలేమిటని అక్కడి అటెండర్‌ను అడిగాడు. అటెండర్ చెప్పేశాడు. బట్టల సంచి మంచం మీద పెట్టి, తమ్ముడి మొహం చూడకుండా అన్నయ్య వెళ్ళిపోయాడు.

అతని భార్యను ఒక నర్సు పక్కకు పిలిచి, "మీ ఆయన సంగతి నీకు తెలుసా?" అని అడిగింది. జాలితోనే అడిగి ఉంటుంది, ఆ అమ్మాయిని నేను తప్పు పట్టను. వైరస్ గురించి ఆమెకు ట్రైనింగ్ ఇచ్చారు, మనిషితో ఎలా మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు. కానీ నాలుగు రోజులపాటు ఆ వార్డులో అందరూ ఆ ఇల్లాలిని మోసపోయినదానిలా చూశారు. మొగుడికి జబ్బు వచ్చిందని ఏడవడానికి కూడా ఆమెకు సందు దొరకలేదు.

అయిదో రోజు రిపోర్టు వచ్చింది. ఎంపాక్స్ కాదు. ఆటలమ్మ. చిన్నపిల్లలకు వచ్చే ఆటలమ్మ.

జబ్బు పేరు కొట్టేసి మార్చారు. ఆ మూడు అక్షరాలు మాత్రం కొట్టలేదు. అన్నయ్య ఈ రోజుకీ ఫోన్ ఎత్తడు.

ఇంతటితో అయిపోలేదు సార్. మా స్నేహితుల బృందంలోనే ఇంకొకతనికి తర్వాత జ్వరం వచ్చింది, గజ్జల్లో బిళ్ళలు కట్టాయి, ఒంటి మీద పొక్కులు లేచాయి. ఆస్పత్రికి పోదాం రమ్మని బతిమాలాను. "వాడికి ఏం జరిగిందో చూశాను కదా, చచ్చినా రాను" అన్నాడు. గది తలుపు వేసుకుని, ఏదో ఆయింట్‌మెంట్ రాసుకుంటూ మూడు వారాలు ఉన్నాడు. తగ్గింది. అతనికి వచ్చిందేమిటో మాకు తెలియదు. మీ లెక్కల్లోనూ లేదు. అతని నుంచి ఇంకెవరికైనా వెళ్ళిందేమో ఎవరూ చెప్పలేరు.

ఇలాంటిది ఇదివరకూ జరిగింది. 1981 జూన్ 5న అమెరికాలో, లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చిందని ఒక చిన్న నివేదిక వెలువడింది. అయిదుగురూ గే పురుషులు. దాంతో ఆ జబ్బుకు గే జబ్బన్న ముద్ర పడింది. 1982 సెప్టెంబరులో ఎయిడ్స్ అన్న పేరు ఖాయం చేసేనాటికే రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫీలియా జబ్బు ఉన్నవాళ్ళలోనూ కేసులు బయటపడ్డాయి. అయినా ఆ ముద్ర పోలేదు. గయెటాన్ డ్యుగా అని కెనడాకు చెందిన ఒక విమాన ఉద్యోగి ఉండేవాడు. ఒక పరిశోధనలో ఆయన కాలిఫోర్నియా బయటివాడని గుర్తుగా 'ఓ' అన్న ఇంగ్లీషు అక్షరం వేశారు. చదివినవాళ్ళకు ఆ 'ఓ' సున్నాలా కనబడింది. 'పేషెంట్ జీరో' అన్నారు, దేశానికి ఎయిడ్స్ అంటించింది ఇతనే అన్నారు. ఆయన 1984లో చనిపోయాడు. 2016లో పాత రక్త నమూనాల్లోని వైరస్ జన్యువులను పరిశీలిస్తే, అది ఆయనకంటే ముందే, 1970 ప్రాంతంలోనే అమెరికా చేరిందని తేలింది. కాగితం మీద ఒక్క అక్షరం చచ్చిపోయిన మనిషిని దాదాపు ముప్పై ఏళ్ళు దోషిని చేసింది. మా వాడి షీటు మీద మూడున్నాయి.

గే, బైసెక్సువల్ పురుషులమైన మా ఊసే ఎత్తవద్దని నేను అడగడం లేదు. అది ఇంకా ప్రమాదం. 2022లో 16 దేశాల్లోని 528 మంది ఎంపాక్స్ రోగుల వివరాలతో ఒక అధ్యయనం వచ్చింది. అందులో 98 శాతం గే, బైసెక్సువల్ పురుషులే. అది దాచాల్సిన సంగతి కాదు, అందరికంటే ముందు మాకు తెలియాల్సిన సంగతి. కానీ మాకు చెప్పడం వేరు, మమ్మల్ని చూపించి ఊరికి చెప్పడం వేరు. అదే ఏడాది అమెరికాలో ఈ సంగతి నేరుగా చెప్పినప్పుడు, సర్వేలో అడిగిన మా వాళ్ళలో సగం మంది దాకా తమ అలవాట్లు మార్చుకున్నామన్నారు. టీకాలు వచ్చిన చోట్ల క్యూలు కట్టారు. మేం వినం అనుకోకండి.

ఊరికి చెప్పడం వల్ల ఊరికీ నష్టమే. మనిషి ఎవరిని ఇష్టపడతాడో వైరస్‌కు తెలియదు. ఒంటికి ఒళ్ళు తగిలే దగ్గరితనం దొరికితే చాలు. 1970లో మనుషుల్లో మొదటిసారి ఎంపాక్స్ కనబడింది కాంగోలో, ఒక పసిబిడ్డకు. 2024 ఆగస్టు 14న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంపాక్స్ మీద రెండోసారి అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు కాంగోలో జబ్బుపడినవాళ్ళలో ఎంతమంది పిల్లలున్నారో మీ అధికారులకు తెలుసు. ఇది గే వాళ్ళ జబ్బు అని నమ్మిన తల్లి, బిడ్డ ఒంటి మీద పొక్కు చూసి ఆస్పత్రికి ఎందుకు పరిగెత్తుతుంది?

దారి లేదని మాత్రం అనకండి. 2020 మేలో దక్షిణ కొరియాలోని సియోల్ నగరంలో, ఇటేవాన్ అనే పేటలోని క్లబ్బుల నుంచి కోవిడ్ పాకినప్పుడు, అవి గే క్లబ్బులని పత్రికలు రాశాయి. వెళ్ళినవాళ్ళు భయపడి ఫోన్లు ఎత్తడం మానేశారు. అప్పుడు నగర పాలకులు పేరు అడగకుండా, ఫోన్ నంబరు ఒక్కటి తీసుకుని పరీక్షలు చేశారు. జనం వచ్చారు. అంత పెద్ద నగరం చేయగలిగింది మన ఆస్పత్రులు చేయలేవా?

కౌంటర్లో అడిగే ప్రశ్న గదిలో తలుపు వేసి అడిగించండి. పేరు లేకుండా పరీక్ష చేయించుకునే వీలు ఇవ్వండి. అటెండర్‌కు, కౌంటర్ గుమస్తాకు కూడా ట్రైనింగ్ ఇప్పించండి, మాలో ఎవరినైనా పిలిచి వాళ్ళ ముందు కూర్చోబెట్టండి, వస్తాం. గోప్యత ఆదేశాన్ని కౌంటరు దాకా పంపండి సార్, ముందు అది పంపండి. ఆ మూడు అక్షరాలు మంచం దగ్గర కనబడకుండా చేయండి.

డిశ్చార్జి కాగితాలతో పాటు ఆ కేసు షీటు నకలు కూడా ఇచ్చారు. ఎర్ర సున్నా జిరాక్సులో నల్లగా పడింది. అది నా దగ్గర ఉంది. మీరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు తీసుకొస్తాను. పది నిమిషాలు సమయం ఇస్తే చాలు. నా స్నేహితుడి భార్య కూడా వస్తానంది.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తున్న
ఒక గే పౌరుడు