కుండీలో గులాబీ, నిమ్మ మాడితే ముందు నీళ్లను అనుమానించండి

సంపాదకులకు నమస్కారం.

మిద్దెతోటల శీర్షికలకు పాఠకులు పంపే ప్రశ్నలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. గులాబీ ఆకులు అంచుల నుంచి మాడుతున్నాయి, నిమ్మ చిగుళ్లు పసుపుబారుతున్నాయి, ఏం వేయాలి? జవాబుగా ఏదో ఒక ఎరువు పేరు వస్తుంది. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో పెంచేవారిని మాత్రం ముందు అడగాల్సింది వేరే ఉంది: కుండీకి ఏ నీళ్లు పోస్తున్నారు?

2024 మార్చిలో నీటి కటకట వచ్చినప్పుడు, తాగునీటిని తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని ఇక్కడి జలమండలి ప్రకటించింది. అది సబబే. కానీ తాగునీరుగా వచ్చే కావేరి నీళ్లకు బదులుగా పోసేవి బోరు నీళ్లు, ఆర్‌ఓ (తాగునీటిని శుద్ధి చేసే) యంత్రం వదిలేసే నీళ్లు, సాఫ్ట్‌నర్ (నీటి కఠినత్వాన్ని తగ్గించే యంత్రం) నుంచి వచ్చే కుళాయి నీళ్లు. గులాబీ, నిమ్మజాతి రెండూ ఉప్పుకు ఓర్వలేని మొక్కలు. కాగితంపూల తీగ నిశ్చింతగా తాగే నీటికి కూడా ఇవి ముడుచుకుపోతాయి. పైగా నేలలో అయితే ఉప్పు కిందికి దిగిపోతుంది. కుండీలో నీరు ఆవిరై ఉప్పు మాత్రం మిగులుతుంది.

కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ మీటరు (లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చూపేది) ఒకటి కొనుక్కోవడం మేలు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మార్గదర్శకాల ప్రకారం సాగునీటిలో లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు లవణాలుంటే భయం లేదు. 450 నుంచి 2,000 దాకా జాగ్రత్త అవసరం, ఆపైన తీవ్రమైన ఇబ్బంది. ఇది పొలాలకు చెప్పిన లెక్క. కుండీలో గులాబీకి ఇంకాస్త బిగించి చూసుకోవాలి.

ఆర్‌ఓ నీటి మీద రెండు వాదనలు వింటుంటాం: బంగారం లాంటి నీళ్లు వృథా చేయొద్దని కొందరు, అది విషమని కొందరు. రెండూ సగం నిజాలే. యంత్రం ఒక లీటరు మంచినీరు ఇచ్చి మూడు లీటర్లు వదిలేస్తుందనుకుంటే, 200 టీడీఎస్ ఉన్న నీరు బయటికి వచ్చేసరికి సుమారు 260 అవుతుంది. అది నిమ్మకైనా పోయొచ్చు. అదే 600 ఉన్న బోరు నీరైతే దాదాపు 800కు చేరుతుంది. దాన్ని రోజూ గులాబీకి పోస్తే వేసవి దాటేలోపే ముదురు ఆకుల కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి.

సాఫ్ట్‌నర్ సంగతి ఇంకా మోసం, ఎందుకంటే మీటరు దాన్ని పట్టుకోలేదు. అది నీటిలోని కాల్షియం, మెగ్నీషియం తీసేసి బదులుగా సోడియం పెడుతుంది. టీడీఎస్ అంకె దాదాపు అలాగే ఉంటుంది. సోడియం మాత్రం ఎర్రమట్టిలోని బంక రేణువులను విడదీసి, రంధ్రాలను పూడ్చేస్తుంది. పైన పోసిన నీరు నిలిచిపోవడం, ఆరాక మట్టి పెంకులా బిగుసుకోవడం దీని గుర్తులు. అలాంటి 12 అంగుళాల కుండీలో ఒక టేబుల్ స్పూను జిప్సం మట్టిపై చల్లి, పైమట్టిని గుల్ల చేసి, సాఫ్ట్‌నర్ గుండా రాని, ఉప్పు తక్కువున్న నీటితో అడుగు నుంచి ధారగా కారేదాకా తడపాలి. సాఫ్ట్‌నర్‌కు ముందే పైపు నుంచి మొక్కలకు ఒక కుళాయి తీయించమని అసోసియేషన్‌ను అడగడం అసలు మందు. ప్లంబరుకు అదేమంత పెద్ద పని కాదు.

కఠినమైన బోరు నీటికి ఇంకో గుణం ఉంది. అందులోని బైకార్బొనేట్లు మట్టిని క్షారంగా మార్చేస్తాయి, ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. నిమ్మ లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా కనిపించేది అందుకే. ముదురాకులు సమంగా పసుపుబారితే అది నత్రజని లోపం. మట్టి ఎప్పుడూ తడిగా ఉండి ఆకులు వాలిపోయి రాలుతుంటే వేరుకుళ్లు. ఈ మూడింటికీ ఒకే టానిక్ చల్లడం వల్లే సగం మొక్కలు పోతాయి. ఇనుము లోపానికి వేసే ఎరువుల్లో చౌకగా దొరికే ఈడీటీఏ రకం క్షార మట్టిలో త్వరగా నిర్వీర్యమవుతుంది, ఈడీడీహెచ్ఏ రకం అడిగి తీసుకోవాలి. బోరు నీరు బాగా కఠినమైతే 10 లీటర్లకు 3 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, పీహెచ్ కాగితంతో చూడండి. 6 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు. 6 కంటే కిందికి దిగితే తర్వాతిసారి నిమ్మ ఉప్పు తగ్గించండి.

కట్టెల బూడిద, గుడ్డు పెంకుల పొడి అమృతమని చెప్పే వీడియోలకు లోటు లేదు. బోరు నీరు పోసే ఇంట్లో అవి చేసే మేలేమీ లేదు. బూడిద క్షారాన్ని ఇంకా పెంచుతుంది, కాల్షియం నీటిలోనే కావలసినంత ఉంటుంది. ఎప్సమ్ సాల్ట్ కూడా మెగ్నీషియం లోపం కనిపించినప్పుడే. ఊరికే చెంచాలు వేస్తే అది మరో ఉప్పు, అంతే.

ఉప్పు కడగాలంటే కుండీలో నీరు దిగాలి. నర్సరీ గులాబీలు చాలావరకు బిగుతైన ఎర్రమట్టి ముద్దలో వస్తాయి. దాన్ని అలాగే పెద్ద కుండీలో పాతితే చుట్టూ ఉన్న మిశ్రమం తడుస్తుంది, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. బకెట్ నీటిలో అరగంట నానబెట్టి, బయటి మూడో వంతు మట్టిని నెమ్మదిగా వదలగొట్టి నాటాలి. అంటు కట్టిన చోటు మట్టికి పైన ఉండాలి, దానికి దిగువ నుంచి వచ్చే పిలకలను తీసేయాలి. మిశ్రమానికి ఎర్రమట్టి రెండు పాళ్లు, కొబ్బరిపొట్టు, వర్మికంపోస్టు, ముతక ఇసుక ఒక్కో పాలు. ఎం-శాండ్ (రాళ్లను పిండిచేసి తీసే ఇసుక) వాడితే జల్లించి రాతిపొడి తీసేయాలి, లేకపోతే అడుగున సిమెంటులా గట్టిపడుతుంది. చౌక కొబ్బరిపొట్టు ఇటుకల్లోనూ ఉప్పుంటుంది, నానబెట్టి రెండు మూడు సార్లు పిండి పారబోశాకే కలపాలి. గులాబీకి 12 అంగుళాల కుండీ చాలు, నిమ్మకు 18 అంగుళాలకు తగ్గొద్దు.

పోసిన ప్రతిసారీ అయిదో ఆరో వంతు అడుగు నుంచి బయటికి రావాలి. కింద పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయాలి, లేదంటే కడిగిన ఉప్పే తిరిగి పైకెక్కుతుంది. కుండీని పూర్తిగా కడగాలంటే దాని పరిమాణానికి రెండింతల నీరు కావాలి. నీళ్లకు వెతుక్కునే వేసవిలో అది ఎవరూ చేయలేరు, చేయమనడమూ న్యాయం కాదు. ఆ పని వానకు వదిలేయండి. సెప్టెంబరు, అక్టోబరు వర్షాల్లో కుండీలను రేకుల కిందనుంచి బయటికి జరిపితే చాలు. 10 చదరపు మీటర్ల మిద్దె మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 200 లీటర్లు. మొదటి జల్లును వదిలేసి తర్వాతిది డ్రమ్ములో పట్టి, దోమలు చేరకుండా బట్ట కట్టి, వేసవిలో బోరు నీటితో సగం సగం కలుపుకోవచ్చు.

ఎరువు కూడా ఉప్పేనన్నది మరిచిపోతుంటాం. ఎండిన మట్టిలో పిడికెడు వేయడం కంటే, ముందు తడిపి, లీటరుకు ఒక గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) కలిపి రెండు వారాలకోసారి పోయడం మేలు. పొటాష్ కావాలంటే మ్యూరియేట్ బదులు సల్ఫేట్ రకం కొనండి, మ్యూరియేట్‌లోని క్లోరైడు ఈ రెండు మొక్కలకూ పడదు. ఆకు అంచులు మాడుతున్న మొక్కకు మాత్రం కొత్త ఆకులు శుభ్రంగా వచ్చేదాకా ఏ ఎరువూ వేయొద్దు. మీ తోటల శీర్షికలో మోతాదులు అచ్చువేసేటప్పుడు అవి ఎంత టీడీఎస్ నీటికి వర్తిస్తాయో కూడా పక్కన వేయమని మనవి.

— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు